నాటు పరిగె

కొల్లేరు చెరువులన్నిట్లోనూ పెంచేది ఒకటే చేప, ఒకే తల్లికి తీసిన నకళ్లు. అందుకే తెగులొస్తే ఒక్కటీ మిగల్లేదు.

"దీనికి చుట్టమైన నాటు పరిగె ఒక్కటి బతికున్నది దొరికినా చాలు. దాంతో కలిపి మళ్లీ జాతి నిలబెడతాం," అన్నాడు చేపల కంపెనీ ఆఫీసరు. పెంపుడు చేపల మేత తినేస్తున్నాయని ఏటా ఇప్పపిండి చల్లించి పరిగెల్ని చంపించింది ఆ కంపెనీయే.

పెద్దిరాజు, భార్య జలదుర్గ చచ్చిన చేపల్ని వలతో లాగుతున్నారు. వాటి మధ్య వేలెడంత పరిగె ఒకటి కొట్టుకుంటోంది. అలాంటిది కనబడగానే గట్టు మీదికి విసిరేయడం పెద్దిరాజు చేతికి చిన్ననాటి అలవాటు. విసిరేశాక ఆఫీసరు మాట గుర్తొచ్చింది. అప్పటికే కొంగ మింగేసింది.

"ఏం పారేశావయ్యా?" అంది జలదుర్గ తలెత్తకుండానే.

"ఏం లేదు," అన్నాడు పెద్దిరాజు. "చెత్త చేప."