ఆ పేజీ లేదు

“కొత్తోడు జ్ఞానేశ్వర్‌కు నీ పని వచ్చేదాకా నీ సర్టిఫికెట్లు నా బీరువాలోనే ఉంటాయి తల్లీ,” అన్నాడు యజమాని రాఘవేంద్రప్రసాద్, భోజనానికి లేస్తూ.

“సోమవారం హైదరాబాదులో చేరాల సార్. ఒరిజినల్స్ చూపకపోతే ఆ ఉద్యోగం పోతాది,” అంది హరిత.

“నేనేమన్నా వద్దంటినా? నేర్పించు, పో.”

అది శుక్రవారం. కర్నూలు దుకాణాల వెబ్‌సైట్లు నూట ఇరవై నడిచే సర్వర్ ప్రోగ్రామును హరిత ఒక్కతే ఎనిమిది నెలలు కూర్చుని రాసింది. అడిగిన చిరునామాను బట్టి ఏ పేజీ ఇవ్వాలో పైనుంచి వరుసగా చూసుకుంటూ నిర్ణయించే నియమాల పట్టిక ఒకటి. ఏ దుకాణం పేరైనా, సరుకైనా ఇమిడిపోయే టెంప్లేట్లు కొన్ని. అది మరెవరికీ తెలియకపోవడమే ఆమె చేసిన నేరం.

మూడు నెలలుగా నేర్పుతున్నా జ్ఞానేశ్వర్ అదే తప్పు చేస్తున్నాడు. మిగతా ఏదీ చిరునామాకు కుదరనప్పుడు చిట్టచివర వాడవలసిన నియమాన్ని పట్టికలో మొట్టమొదట పెడతాడు. ఇక ఏది అడిగినా ‘ఆ పేజీ లేదు’ అనే వస్తుంది.

ఆ రోజూ అదే వచ్చింది. హరిత కీబోర్డు లాక్కుని ఆ నియమమున్న ఒక్క వరుసను కిందికి దింపింది. చీరల దుకాణం, ఎరువుల దుకాణం, బంగారు అంగడి, అన్నీ తెరుచుకున్నాయి. అతడు రాసిన టెంప్లేట్లు ఆమె రాసినవాటికన్నా పొందికగా ఉన్నాయి. ఇంత రాయగలిగినవాడు ఒక్క వరుస దగ్గర మూడు నెలలు తడబడడు.

“నీకు వచ్చు.”

అతడు తలుపు వైపు చూశాడు. “మెల్లగా అక్కా! మొదటి వారమే వచ్చింది. నేర్చుకునేటోని సర్టిఫికెట్లు సారు అడగడు. పని వచ్చినోనివే బీరువాలో పెడతాడు. నాకు బెంగుళూరులో ఇంటర్వ్యూ ఉండాది.”

“అందుకని నన్ను ఈడ కట్టేస్తావా?”

“నీ కాళ్లు పట్టుకుంటా, చెప్పొద్దక్కా.”

రాఘవేంద్రప్రసాద్ వక్కపొడి నములుతూ లోపలికి వచ్చాడు. “ఏమప్పా, ఈ పొద్దన్నా వచ్చిందా?”

జ్ఞానేశ్వర్ ఆమె వైపే చూస్తున్నాడు. హరిత అటు చూడకుండా తెరను యజమాని వైపు తిప్పింది. “బాగా వచ్చింది సార్. నాకన్నా బాగా.”

ఆయన ఒక్కొక్క పేజీనీ తెరిపించి చూశాడు. ముఖం విప్పారింది.

“శానా మంచిమాట చెప్తివి తల్లీ! ఈ పని వచ్చినోళ్లు ఇద్దరు లేరనే కడప ఆఫీసు తెరవకుండా ఇన్నాళ్లూ ఆగినా. రేపు నీ సర్టిఫికెట్లూ తెచ్చియ్యప్పా. ఈడికి నువ్వు, కడపకు ఈయమ్మ.”