సీసా అడుగున మడ్డి

"మందు అస్సలు పనిచెయ్యలేదండీ సైదా గారూ! మా ఆయన కాళ్ల తిమ్మిర్లు అలాగే ఉన్నాయి," అంటూ కొల్లూరు నుంచి వచ్చిన తులసమ్మ, తెనాలి డాక్టరు గారి మందుల గదిలో బల్లమీద ఖాళీ సీసా పెట్టింది.

కాంపౌండరు జాన్ సైదా సీసా ఎత్తి చూశాడు. మోతాదుకో గాటు చొప్పున తను కత్తిరించి అంటించిన కాగితం చెక్కుచెదరలేదు. సీసా అడుగు కడిగిన ముత్యంలా ఉంది.

"బాగా ఊపి పొయ్యమన్నానుగా అమ్మా?"

"ఊపితే బురద లేస్తుంది కదండీ. కాలవ నీళ్లలాగే తేరనిచ్చి పైతేట పోశాను."

సైదాకు నవ్వొచ్చింది. ఆ మిక్చరులో ముష్టిగింజల సారం ఉంది. చుక్కల లెక్కన పడితే నరాలకు సత్తువ, లెక్క తప్పితే విషం. అదంతా అడుగుకు దిగిపోతే, పాపం ఆమె భర్త శివరామయ్య వారంరోజులూ వట్టి నీళ్లు తాగాడన్నమాట.

నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"మరి అడుగున మడ్డి ఏం చేశావమ్మా?"

"పారబోస్తానేంటండీ? మందంతా అడుగునే ఉంటుందని ఆవేళ మీరేగా అన్నారు! గ్లాసులోకి వంపి, అన్నం తినగానే ఒక్క గుక్కలో తాగెయ్యమని చెప్పొచ్చాను."

సీసా ఊపమనడానికి చెప్పిన మాట అది. సైదా గోడ గడియారం వంక చూశాడు. ఒంటిగంట దాటింది.

"ఆయన అన్నానికి ఎన్నింటికి కూర్చుంటారమ్మా?"

"పన్నెండు కొట్టకుండానే. ఆకలికి అస్సలు ఆగలేరండీ," అంది తులసమ్మ మురిపెంగా.