వంగిన ముద్ర

కొత్త సాఫ్ట్‌వేర్ బాగా నేర్చుకున్నవాళ్లకే ఏప్రిల్ తర్వాత ఉద్యోగం ఉంటుందని చెప్పారు. అందుకే యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ముప్పై ఏళ్లుగా గుమాస్తాగా ఉన్న కువబారా, శిక్షణ గదిలో ముందు వరుసలో కూర్చుంది.

"ఇక కాగితాల మీద ముద్రలుండవు, అన్నీ తెర మీదే. ప్రాక్టీసుకి రాజీనామా ఫారం తీసుకుందామండీ," అన్నాడు శిక్షణ ఇస్తున్న మినోషిమా.

"అవేం మాటలు నాయనా! సెలవు చీటీ దొరకలేదా నీకు?" అంది కువబారా. గదంతా నవ్వింది.

"ఇదైతే పొట్టిగా ఉంటుందండీ."

ఆమె పేరు, తేదీ కొట్టింది. సంతకానికి బదులు వేసే తన ఎర్ర ముద్రను ఎడమ పక్కనున్న పై అధికారి గడి వైపు కాస్త వంచి పెట్టింది. పెద్దల పక్కన ముద్ర నిటారుగా నిలబడకూడదు, నమస్కరిస్తున్నట్టు వంగాలన్నది ఆఫీసు మర్యాద, తెర మీదైనా సరే. తర్వాత 'పంపు' నొక్కింది.

"భలే చేశారండీ! అందరికంటే ముందు మీదే అయింది."

మరుక్షణమే ఆ గడిలో పై అధికారి ముద్ర పడింది. కువబారా ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"ఇది ఉత్త ప్రాక్టీసేగా? వెనక్కి తీసుకోవాలంటే ఎక్కడ నొక్కాలి బాబూ?"

"అది రేపటి పాఠమండీ," అన్నాడు మినోషిమా, ఆమె మెడలోని గుర్తింపు కార్డు కోసం రెండు చేతులూ చాస్తూ. "రేపటి క్లాసు ఉద్యోగులకే."