అమాస వెలుగు

"వచ్చింది! నాన్నా, వచ్చింది!"

మిద్దె మీద నుంచి మమత కేక పెట్టింది. యాదగిరి పరుగున వచ్చాడు.

అమ్మేసిన మెట్ట చెల్కలో, తాత శివయ్య సమాధి దగ్గర ఒక పసుప్పచ్చని వెలుగు. నేలకు జానెడెత్తులో కదిలింది. ఆగింది. వణికింది.

మమత కొత్త డిజిటల్ కెమెరాను పిట్టగోడకు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కింది.

"వద్దు బిడ్డా, నీకు దండం పెడ్త," కింద నుంచి నాయినమ్మ గోపమ్మ గొంతు. "మీ తాతకు కోపమొస్తది."

చిన్న మంగళారం ఊళ్లో అందరికీ తెలిసిందే. చెల్క అమ్మినప్పటి నుంచి ప్రతి అమాసకు, పొద్దుగూకగానే, శివయ్య కొరివి దయ్యమై వస్తున్నాడు.

మమతది హైటెక్ సిటీలో ఉద్యోగం. దయ్యం లేదని ఫోటోతో తేలిస్తే, భయంతో తిండి తగ్గించిన నాయినమ్మ కడుపు నిండా అన్నం తింటుందని ఆమె ఆశ.

ఇద్దరూ కిందికి దిగేసరికి గోపమ్మ కొడుకు మీద విరుచుకుపడింది.

"అంత నీ వల్లనే. అమాసకో దీపం పెట్టు బిడ్డా అంటే, రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల మీద అలాగేనమ్మా అంటివి. ఒక్కనాడన్న పెట్టినవా?"

"నేనెప్పుడన్న అవ్వా?" యాదగిరి గింజుకున్నాడు. "అయినా అమ్మినంక ఇంకొకల చెల్కల మనకేం పని?"

"అన్నవ్. కండ్లు కనవడకుంటె చెవులు గూడ ఇనవడయారా?"

మొయినాబాద్ స్టూడియోలో ప్రింటు తీయిస్తే నల్లటి కాగితం మీద ఒక్క పసుపు చుక్క వచ్చింది. దయ్యం లేదని చూపడానికి తీసిన ఫోటో, ఉందనడానికి రుజువై ఇల్లిల్లూ తిరిగింది.

"నేనైతె ఆ చెల్కల కలుపుకు పోను తల్లీ," అంది బాలనర్సమ్మ. ఆమె వెనకే మిగిలిన కూలీలూ మానేశారు.

చెల్క కొన్నాయన ఒకరోజు వాకిట్లోకి వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన మనిషి. ఊళ్లో ఎవరూ ఆయన పేరు అడగలేదు. చెల్కలో ఫారం పెట్టాడని ఫారం సారు అంటారు, అంతే.

"ఆ ఫోటో ఒకసారి చూడొచ్చా అమ్మా?"

మమత ఇచ్చింది. ఆయన చాలాసేపు చూశాడు. ఏదో చెప్పబోయాడు.

"చెల్కతోని మా బాపును గూడ కొన్నవ్ సారూ," యాదగిరి నవ్వాడు.

లోపలి నుంచి గోపమ్మ ఏడుపు వినిపించింది.

ఫారం సారు ఫోటో తిరిగి మమత చేతిలో పెట్టాడు.

"పెద్దావిడకి చెప్పండి. భయపడొద్దని. ఇక రాదు."

రాలేదు.

కూలీలు దొరక్క ఆయన చెల్క అమ్మేసి వెళ్లిపోయాడు. కొన్నవాళ్లు ప్లాట్లు చేశారు. సమాధి ఉన్నచోట ఇప్పుడు తారు రోడ్డు.

"జేసీబీని చూసి దయ్యం గూడ పరారైంది," అని ఊరంతా నవ్వుకుంది.

గోపమ్మ నవ్వలేదు. అమాస వచ్చిందంటే గోడకు ఒరిగి, చూపు ఆనని కళ్లతో ఆ దిక్కే చూస్తూ కూర్చునేది.

"కోపంగనన్న వస్తుండె," అనేది. "ఇప్పుడు గదీ లేదు."

కొన్నేళ్లకు మమత ఇంట్లోకి కంప్యూటర్ కొంది. కెమెరాలోని పాత ఫోటోలు ఎక్కిస్తుంటే ఆ నల్ల ఫోటో కనిపించింది. ఊరికే వెలుతురు పెంచి చూసింది.

నలుపు కొద్దికొద్దిగా కరిగింది.

సమాధి ముందు గొంతుక్కూర్చున్న మనిషి. ప్రమిదకు గాలి తగలకుండా అడ్డుపెట్టిన రెండు అరచేతులు. దూరంగా విడిచిన చెప్పులు.

"ఫారం సారు!" యాదగిరి తెర మీదకు వంగాడు.

"ఏమున్నది బిడ్డా? నాకు జర చెప్పు." గోపమ్మ తెరను వేళ్లతో తడిమింది.

మమత చెప్పింది.

"చెప్పులిడిసిండా?"

"ఇడిసిండు నాయినమ్మా."

గోపమ్మ కొడుకు చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

"నిన్ను ఉత్తగనే తిట్టిన్రా. పుట్టినకాడికెంచి నువ్వు నన్ను అవ్వా అనుడే గని, అమ్మా అని ఎన్నడన్న అన్నవా? ఆ దినం మెట్ల మీద, నా ఎనక నిలవడి అలాగేనమ్మా అన్నది ఆ సారు."