ఎడమవైపు మనిషి

ఫొటోగ్రాఫరు ఎంత మొత్తుకున్నా జలగ ఆ పక్క నుంచి ఈ పక్కకి రాలేదు.

"అన్నా, వెలుతురు కుడిపక్కన బాగుంది. మేడమ్‌కి అటువైపు నిలబడు."

"నేనిక్కడే ఉంటా. నువ్వే జరుగు," అన్నాడు జలగ, పరుగురాణి ఎడమ మోచేతిని వదలకుండా.

ఫొటోగ్రాఫరు గొణుక్కుంటూ లైట్లన్నీ మోసుకెళ్లి అటువైపు పెట్టుకున్నాడు.

పరుగురాణి కెమెరా కోసం నవ్వుతూ, ఆ పళ్ల సందు నుంచే అడిగింది. "ఎడమపక్క నుంచి నీ మొహం బాగుంటుందని ఎవరు చెప్పారు నీకు?"

జలగ ఆ మోచేతినే ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

జలగ అంటే ఆమె జిమ్ ట్రైనరు. ఎదుటివాళ్లు చెమటోడుస్తుంటే పక్కన నిలబడి పదకొండు, పన్నెండు అని లెక్కపెట్టడం తప్ప వాడికి ఇంకేం రాదని ఆమె అభిప్రాయం. ఆ పేరూ ఆమె పెట్టిందే. మోచెయ్యి పట్టుకున్నాడంటే ఊడడు.

రెండున్నర నెలల కిందట పరుగు పందెంలో హర్డిల్ తగిలి పడి ఆమె కుడి మోకాట్లో లిగమెంటు తెగింది. ఆపరేషన్ చేసినాయన మూడు నెలలపాటు చేతికర్ర లేకుండా అడుగు వెయ్యొద్దన్నాడు.

ఆస్పత్రి గేటు దాటకముందే ఆ కర్ర చెత్తకుండీలో పడింది.

కుంటిదాని కాళ్లకు బూట్లు తొడిగి పోస్టరు వేసే కంపెనీ లేదు. కర్రతో కనిపించినదాన్ని జాతీయ జట్టు శిక్షణ శిబిరానికి ఎంపిక చేసేవాళ్లూ ఉండరని ఆమె నమ్మకం. శిబిరంలో పేరు లేకపోతే ఆమె లేనట్టే. పైగా నిన్నటిదాకా చప్పట్లు కొట్టిన జనం కర్రను చూసి అయ్యోపాపం అంటారు. ఆ అయ్యోపాపం అంటే ఆమెకు కంపరం.

ఆమె మేనేజరు సొంత బాబాయే. ఆయనే ఓ రోజు ఈ నాటకం సంగతి ఎత్తాడు. ట్రాకు మీద పడ్డదాని వార్త రెండు రోజుల్లో చస్తుంది, ప్రేమలో పడ్డదాని వార్త నెలల తరబడి బతుకుతుంది. ఎంపిక అయ్యేదాకా జనం నోట్లో పేరు నానాలి. ప్రియుడి వేషానికి ట్రైనరు ఉండనే ఉన్నాడు, బయటివాడైతే గుట్టు నిలవదు.

ఆమె విరగబడి నవ్వింది. "నా పక్కన వాడా బాబాయ్? వాడికంటే ఆ డంబెల్ స్టాండు నయం."

ఒప్పుకుంది మాత్రం. కెమెరాలంటే ఎవరికి చేదు?

వాడు ఒకే ఒక్క షరతు పెట్టాడు. ఇంట్లో అయినా బయట అయినా ఆమె నడిచినప్పుడల్లా ఎడమపక్కన చెయ్యి పట్టుకుని తానుండాలి. ఒక్క అడుగు కూడా ఒంటరిగా వెయ్యకూడదు.

"చూశావా బాబాయ్, ఒక్క ఫొటో కూడా వదలడట," అంది.

నిజంగా ఆదుకునేవాడైతే దెబ్బ తగిలిన కుడివైపు నిలబడతాడు, ఎడమవైపు అతుక్కునేవాడిది సోకు తప్ప మరేం కాదని తేల్చేసింది. తేల్చేసినదాని మీద మళ్లీ ఆలోచించే అలవాటు ఆమెకు లేదు. చప్పట్లు అలవాటైనవాళ్లకు ఉండదు.

వాడి నడక కూడా వింతే. కుడిభుజం కిందికి దించి, చక్రం ఊడిన బండిలా ఓ పక్కకి ఒరిగి నడిచేవాడు. నిటారుగా నిలబడటం కూడా రానివాడు జనానికి ఒళ్లు వంచడం నేర్పుతాడా అని ఆమె జోకు. ఓసారి కుడి మణికట్టు వాచి గుడ్డ కట్టుకొచ్చాడు. సెల్ఫీలు ఎక్కువయ్యాయా అని అందరి ముందూ అడిగింది. అందరూ నవ్వారు. వాడూ నవ్వి, ఆ చెయ్యే మళ్లీ అందించాడు.

ఎంపికకు ముందురోజు సాయంత్రం వాణ్ని గుమ్మంలోనే ఆపేసింది.

"రేపు ఒక్కదాన్నే వెళ్తా. వాళ్లు చూడాల్సింది నన్ను, నాకు వేలాడేదాన్ని కాదు. నీ వేషం అయిపోయింది."

"ఇంకా రెండు వారాలుంది మేడమ్. అప్పటిదాకా పట్టుకోనివ్వండి."

"ఏంటి, నిజంగానే ప్రేమలో పడ్డావా?"

వాడి మొహం ఎర్రబడింది. "అది కాదు. ఆ హాలుకి మెట్లెక్కువ. మీ..."

"మెట్ల మీద కెమెరాలు కూడా ఎక్కువే. నాకు తెలుసులే," అని తలుపేసింది.

మర్నాడు ఇరవై ఎనిమిది మెట్లు ఒక్కతే ఎక్కింది. పదో మెట్టు దగ్గర మోకాట్లో ఏదో కలుక్కుమంది. నవ్వు చెదరనివ్వలేదు. హాలు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి చూపించింది. ఇక ఎంపిక కమిటీ డాక్టరమ్మ సంతకం పడితే చాలు.

ఆవిడ బల్ల దగ్గరికి చేరేసరికి మోకాలు బంతిలా ఉబ్బింది.

డాక్టరమ్మ ఆమె వెంట తెచ్చిన స్కాన్ ఎత్తి వెలుగులో పెట్టి చూసింది. "లోపల భలే మానింది. ఇన్నాళ్లూ దీనిమీద బరువు పడనివ్వలేదు మీరు. కర్ర చక్కగా వాడారు."

"నేను కర్ర ముట్టనే లేదు."

"మీరు నడుస్తుంటే చూశానుగా, మీ ఎడమచెయ్యి దాన్నే వెతుక్కుంటోంది. దెబ్బ కుడికాలికైతే కర్ర ఎడమపక్కనే ఉండాలి, అప్పుడే కాలి మీద బరువు తగ్గుతుంది. చాలామంది కుడిపక్కే పట్టుకుని చెడగొట్టుకుంటారు. మీకెవరో పని తెలిసినవాళ్లు దొరికారు."

మాట్లాడుతూనే కాగితం మీద ఆమె పేరుకి అడ్డంగా గీత గీసింది.

"శిబిరానికి ఇంకా నెల ఉంది. కర్రతో వచ్చినా సంతకం పెట్టేదాన్ని. ఈ వాపు చూశాక ఎలా పెట్టను? ఇంతకీ ఆ కర్ర ఏది?"

ముందే వచ్చి హాల్లో కూర్చున్న బాబాయి వైపు చూసింది పరుగురాణి. బాబాయి తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఈ నాటకం నాది కాదమ్మా, అతనిదే," అన్నాడు మెల్లగా. "కర్రంటే విసిరేస్తుంది సార్, ప్రియుడంటే కెమెరాల కోసమైనా భరిస్తుంది, అన్నాడు."

డాక్టరమ్మ ఇంకా జవాబు కోసం చూస్తోంది. నిన్న సాయంత్రం తాను తలుపేసింది ఆ కర్ర మొహానే అని ఎలా చెప్పాలో పరుగురాణికి తెలియలేదు.