తువ్వాలుకు కట్టిన వాచీ

వ్యాయామంలో గుండె నిమిషానికి నూట ఇరవై దాటి కొట్టుకోకూడదని డాక్టరు ఆమె భర్తకు గట్టిగా చెప్పాడు. అందుకే నాడి చూపించే చవక వాచీలు రెండు తెచ్చింది. నచ్చనిది పొద్దున్నే షాపులో తిరిగిచ్చేయాలి. ఒకటి పెట్టుకుని ఆయన చీకట్లో బయటి మెట్లెక్కుతున్నాడు. రెండోదాన్ని పరీక్షకని ఆమె ఇంట్లో, చుట్టచుట్టిన తువ్వాలుకు కట్టింది. వాచీ మంచిదైతే ఏమీ చూపించకూడదు. ఎనభై నాలుగు చూపించింది.

“ఏమండోయ్, మన తువ్వాలుకీ గుండె ఉంది!”

“నాదానికంటే అదే నయమేమో చూడు,” మెట్ల మీంచి నవ్వాడాయన.

ఆయన అడుగు వినబడినప్పుడల్లా తువ్వాలు మీద అంకె పెరుగుతోంది. నూట పది. నూట పద్దెనిమిది.

“ఇక చాల్లెండి, ఆగండి!”

అడుగుల చప్పుడు ఆగింది. అంకె ఆగలేదు.

“ఏమండీ?”

పలుకు లేదు. నూట నలభై. వాచీ విప్పేస్తేనో? పట్టీ మీద వేలు పెట్టింది గాని, లాగితే అంకెతో పాటు ఇంకేం ఆగిపోతుందోనని ధైర్యం చాలలేదు.