ఎడమ బూటు

ఆ బూటే. ఎక్కడ చూసినా తను గుర్తుపట్టగలదు. ఒళ్లు బరువంతా ఎడమ బూటు బయటి అంచు మీద మోపి, ఎవరో పిలిస్తే అప్పుడే తిరగబోతున్నట్టు నిలబడటం. తన కింద పనిచేసే బ్రిన్ గీసే మనుషులంతా అలాగే నిలబడతారు. యంత్రాలకు కాళ్లు ఉండవు. బరువంటే ఏమిటో వాటికేం తెలుసు?

గోడ మీద నాలుగు షీట్లు వేలాడుతున్నాయి. అన్నిట్లోనూ ఒకే మనిషి, ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి. హాలిఫాక్స్ రేవులో ఫెర్రీ నడిపే అరవయ్యేళ్ల ఆవిడ. మూడు షీట్లు మూడు రకాల ఏఐలు గీసినవి. ఒకటి మాత్రం మనిషి చేత్తో గీసింది. ఏది ఏదో తెలియకుండా డూగల్ అన్నిటినీ ఒకే రకం కాగితం మీద ప్రింటు తీయించాడు. ఈ యానిమేషన్ స్టూడియో అతనిది.

"మళ్లీ చెప్తున్నా ఐలీన్," అన్నాడు, గడ్డంలో చిక్కుకున్న ఓట్స్ బిస్కెట్టు పొడి దులుపుకుంటూ. "నువ్వు ఎర్ర పిన్ను గుచ్చిందే ఖాయం. మళ్లీ వెనక్కి తిరిగేది లేదు. ఏఐ నెగ్గితే దాన్నే కొంటాం, డిజైన్ గది మూసేస్తాం. దాని తప్పులు దిద్దడానికి నువ్వొక్కదానివే ఉంటావు. చెయ్యి నెగ్గితే ఏఐ ఊసే వద్దు. ఎవరు గీశారో వాళ్లకే సినిమా మొత్తం."

"ఇంతకీ ఎవరు గీశారు?"

"అది చెప్తే ఇంకెందుకీ తతంగం? పేరు చూసి బొమ్మని మెచ్చుకోకూడదు, సంతకం కాగితం వెనకే పెట్టాలని రూలు పెట్టిందెవరు? నువ్వేగా! అసలు కాగితం ఈ కవర్లో ఉంది. పిన్ను గుచ్చాకే తెరుస్తా."

కిటికీ దగ్గర బ్రిన్ నవ్వింది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. ఒకప్పుడు ఐలీన్ సాయంత్రం క్లాసుల్లో ముందు వరసలో కూర్చునేది. పాఠం అయ్యాక ఐలీన్ అక్కడే వదిలేసిపోయే కాగితాలు కూడా ఏరుకుని ఇంటికి పట్టుకెళ్లేది. ఇప్పటికీ "టీచర్" అనే పిలుస్తుంది. ఆ పిలుపులో వెక్కిరింత ఉందేమోనని ఐలీన్ చాలాసార్లు వెతికింది. దొరకలేదు. దొరకనందుకే ఇంకా మండేది.

ఈ ముసలావిడ ఎలా ఉండాలో ఏఐలకు వివరం రాసిచ్చింది బ్రిన్. వారంపాటు తలుపేసుకుని ఏదో రంగులు వేసింది బ్రిన్. ఇంక ఎవరు గీశారని అడగాలా?

ఐలీన్ బొమ్మ గీసి ఆరేళ్లయింది. పెద్ద కుర్చీ ఎక్కాక చేతికి ఎర్ర పెన్సిలే మిగిలింది. ఇతరుల గీతలు దిద్దుతుంది. దిద్దడానికేమీ దొరకని గీత ఎదురైతే వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి.

మొదటి షీటులో కోటు గుండీలు ముందునుంచి చూస్తే కుడివైపు, పక్కనుంచి చూస్తే ఎడమవైపు. రెండోదాంట్లో ముసలావిడకు పాతికేళ్ల పిల్ల చర్మం. నాలుగోదాంట్లో ఏ తప్పూ లేదు. అన్ని వైపులా ఒకే మొహం, ఒకే కోటు. బస్సులో రోజూ పక్కన కూర్చున్నా గుర్తుండని మనిషి.

మూడోది... నవ్వు బయటపడకుండా బిగపట్టిన మూతి. జేబులో సగం దాగిన చెయ్యి. చూస్తుంటే, రికార్డు చేసిన తన గొంతు తనే విన్నప్పుడు కలిగే ఇబ్బందిలాంటిది ఐలీన్ మెడ మీద పాకింది. ముడుచుకున్న వేళ్ల గోళ్లు ఇప్పుడు అరచేతిలో గుచ్చుకుంటున్నాయి.

"మూడోది ఎలా ఉంది టీచర్?" అంది బ్రిన్ ఆత్రంగా.

"నీకెందుకే అంత తొందర?"

"ఊరికే. దాన్ని చూస్తే నాకు కుళ్లు పుడుతుంది. జన్మలో అలా గీయగలనా అని."

తన బొమ్మను తనే పొగుడుకుంటోంది. పైగా ఎంత వినయం!

"నాకా బూటు నచ్చింది," అన్నాడు డూగల్.

"బూటు చూసి సినిమా తీస్తావా?"

పిన్ను పట్టుకున్న చెయ్యి మూడో షీటు దాకా వెళ్లింది. కాగితానికి మొన తగిలింది కూడా. రెండు వేళ్ల ఒత్తిడి చాలు. ఆ తర్వాత? పెద్ద బల్ల ముందు బ్రిన్. పక్కన నిలబడి "చాలా బావుందమ్మా" అంటూ తను. రోజూ, సినిమా పూర్తయ్యేదాకా, రెండేళ్లపాటు.

ఐలీన్ ఒక అడుగు పక్కకు జరిగి, నాలుగో షీటులో ముసలావిడ కోటు మీద పిన్ను గుచ్చింది.

బ్రిన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఐలీన్ ఎదురుచూసిన కోపం మాత్రం వాటిలో లేదు.

"టీచర్... నిజంగా గుర్తుపట్టలేదా?"

"ఎందుకు పట్టలేదు? చూడగానే పట్టాను."

డూగల్ ఆమె వైపు వింతగా చూసి, కవరు చేతికిచ్చాడు. లోపలి కాగితం అంచులు పసుపెక్కి ఉన్నాయి. రంగుల్లేవు, పెన్సిల్ గీతలే. అదే మూతి, అదే బూటు. ఐలీన్ కాగితాన్ని వెనక్కి తిప్పింది.

తొమ్మిదేళ్ల కిందటి తేదీ పక్కన సంతకం తనదే.